ఒడిరేవులో నడిచిపోయిన ప్రాణం

మణిప్రస్థ రాజ్యానికి తూర్పు ఎల్ల సముద్రమే. మిగతా తీరమంతటా అది రాత్రింబవళ్లు గర్జించి విరుచుకుపడుతుంది గానీ, ఒడిరేవు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెంపుడు పిల్లిలా మెత్తబడిపోతుంది. రెండు నల్లరాతి కొండలు చేతులు చాచి నీటిని ఒడిలోకి తీసుకున్నట్టు నిలబడ్డాయి గనక ఆ రేవుకు ఆ పేరు వచ్చింది. తాటిచెట్టంత అలలు వెలుపలి కొండల వీపున పడి పగిలి, నురుగై, పలచబడి, లోపలికి వచ్చేవేళకు చీర కుచ్చిళ్లంత మడతలై రాళ్లను నిమిరి వెనక్కి మళ్లుతాయి.

ఆటు పట్టి నీళ్లు తగ్గినప్పుడు చూడాలి ఆ రేవు వైభవం! ఎత్తు బండల పగుళ్లలో ఆవగింజంత నత్తలు ఎండకు జడిసి ఒదిగి ఉంటాయి. వాటి దిగువన తెల్లని గరుకు గుల్లలు బండకు సున్నం కొట్టినట్టు పట్టేసి ఉంటాయి. వట్టి కాలితో తొక్కితే అరికాలు చీరుకుపోవలసిందే. ఇంకాస్త కిందికి దిగితే గొడుగు గుల్లల రాజ్యం. విప్పిన గొడుగు బోర్లించినట్టుండే చిప్పలు బండ నిండా వేలకు వేలు. ఆ దిగువన పచ్చ నాచు, ఎర్ర నాచు, తేనెరంగు నాచు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అన్నిటికన్నా అడుగున అద్దాల్లాంటి నీటిగుంటలు. పువ్వులా విచ్చుకుని వేలు తగలగానే ముడుచుకుపోయే జంతువులు, ఊదారంగు ముళ్లబంతులు, చేతులు చాపుకుని సోమరిగా పడుకున్న సముద్ర నక్షత్రాలు, అవతలి వైపు కనిపించేటంత పలచని రొయ్యలు ఆ గుంటల్లో కాపురాలు చేస్తుంటాయి.

ఆ ఉదయం ఈ వైభవం మధ్య ఒక ముసలమ్మ గంప నెత్తిన పెట్టుకుని దిగుతోంది. జుట్టు నెరిసింది, నడుము వంగింది. పిక్కలు మాత్రం పహిల్వాను పిక్కలు. ఎందుకంటే ఆవిడ ముసలమ్మ కాదు. యువరాజు జయంతసేనుడి ప్రాణస్నేహితుడూ అంగరక్షకుడూ అయిన కొమరన్న. ఈ వేషం కోసం తెల్లవారగానే నున్నగా మీసం తీసేశాడు. ఆ మీసం జ్ఞాపకం వచ్చినప్పుడల్లా అతని మనసు చివుక్కుమంటోంది.

మీసం పోతే పోయింది, యువరాజు దక్కాలి. నిన్న సాయంత్రం వేటకు వెళ్లిన జయంతసేనుణ్ణి గబ్బిలాలగుట్ట మాంత్రికుడు ధూమ్రకర్ణుడు పట్టుకున్నాడు. మెడలోని పచ్చపూసను చేతబట్టి మంత్రం చదివి, యువరాజును చిన్న గొడుగు గుల్లగా మార్చి సంచిలో వేసుకున్నాడు. పొదలో దాక్కున్న కొమరన్న అంతా చూశాడు, విన్నాడు కూడా. లోకంలోని మాంత్రికులందరికీ ఒకటే జబ్బు, పన్నిన పన్నాగాన్ని పైకి చెప్పుకోకుండా ఉండలేరు.

"యువరాజా! నా ప్రాణం దాచుకున్న ఈ పూస సాక్షిగా చెబుతున్నాను, రేపు తెల్లవారేసరికి ఒడిరేవులో వేలాది గుల్లల నడుమ నిన్ను అంటించేస్తాను. మళ్లీ పోటు వచ్చి నీళ్లు నిన్ను కప్పాయా, నీకు బండ అలవాటైపోతుంది. అలవాటైతే నీ పేరు నీకే గుర్తుండదు. ఆ తర్వాత పట్టాభిషేకంలో నీ రూపంతో కూర్చునేవాణ్ణి నేను! హహ్హహ్హ!"

కాబట్టి కొమరన్న ముందున్న గడువు ఒక్క పోటు. అది వచ్చి ముంచేలోగా వేల గుల్లల్లోంచి ఒక గుల్లను పట్టుకోవాలి. వేరొకడైతే అక్కడే కూలబడి ఏడ్చేవాడు. కొమరన్న ఒడిరేవులోనే పుట్టి పెరిగాడు. అతని తండ్రి పైడన్న ఈ రేవుకు కాపరి. నడక నేర్చినప్పటినుంచీ కొడుకును వెంటేసుకుని గుంట గుంటా తిప్పేవాడు. ఏ రాయి ఎత్తినా సరే, చూడటం అయ్యాక మళ్లీ జాగ్రత్తగా బోర్లించేవాడు.

"తిప్పిన రాయిని తిప్పినట్టే బోర్లించాలిరా అబ్బీ. దాని కింద ఒక ఊరుంది" అనేవాడు. రాయి తిరగేసి వదిలేసిన వాడు ఎంతటివాడైనా పైడన్న నోటికి దొరికిపోయేవాడు.

కొమరన్న చిన్నతనంలోనే ఒక పగటిపూట "రేవు చూసొస్తా" అని వెళ్లి పైడన్న తిరిగి రాలేదు. సముద్రం తీసుకుందన్నారు జనం. ఒడిరేవు నీళ్లు ఏనాడూ ఎవరినీ ముంచిన పాపాన పోలేదు గనక ఆ మాట కొమరన్న ఒప్పుకోలేదు. కానీ ఇంకేం జరిగిందో చెప్పేవాళ్లూ లేరు. తండ్రి నడుముకు కట్టుకునే చిన్న శంఖం మాత్రం మిగిలింది. అది ఇప్పుడు ముసలమ్మ కొంగు చాటున కొమరన్న నడుమునే ఉంది.

నీటిగుంటల దగ్గరికి వచ్చేసరికి ధూమ్రకర్ణుడు కనిపించాడు. పట్టుపంచె మోకాళ్ల పైకి ఎగదోపి, గడ్డం తడిసి, పాంకోళ్లతో తూలుతూ, కనబడ్డ రాయినల్లా తిరగేసి పారేస్తున్నాడు. తిరగబడ్డ రాళ్ల అడుగున చిట్టి పీతలు దారీతెన్నూ తెలియక పరుగులు పెడుతున్నాయి. ఒక రాయికి పసుపురంగు గుడ్లు అంటుకుని ఉన్నాయి. వాటికి కాపలా కాసే బొటనవేలంత తండ్రి చేప చారెడు నీళ్లలో గిలగిలా తిరుగుతోంది గానీ అక్కణ్ణుంచి కదలడం లేదు.

కొమరన్నకు ఒళ్లు మండింది. శత్రువు ఎదురుగా ఉన్నాడు, గడువు తరుముతోంది, అయినా చేతులు ఆగలేదు. వంగి ఆ రాయిని మెల్లగా బోర్లించాడు. పక్కది బోర్లించాడు. దాని పక్కది కూడా.

"ఏయ్ ముసలీ! ఏం చేస్తున్నావే?" అని గద్దించాడు మాంత్రికుడు.

"ఊళ్లకి కప్పులేత్తన్నాను నాయనా" అన్నాడు కొమరన్న గొంతు సన్నగా చేసి.

"ఈ రేవువాళ్లందరికీ ఇదే పిచ్చా? ఫో అవతలికి!"

"పోతాన్లే గానీ, పొద్దుటేల ఈ రాళ్లతో కుస్తీ ఏటి నాయనా? ఏటి పారేసుకున్నావు?"

ధూమ్రకర్ణుడు చిరాకుగా నడుము పట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటినుంచీ వంగి వంగి అతని తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనే ఉంది.

"గుల్ల! చారల గుల్ల! ఇదిగో ఈ గుంటలో, ఈ రాయి పక్కనే పెట్టాను. పట్నం సందడిలో వెంట తీసుకెళ్లడం ఎందుకని అందులో ఒక పూస దాచాను. తీరా బయల్దేరబోతే ఆ పూస లేకుండా మరో రూపం రాదని గుర్తొచ్చింది. వెనక్కొచ్చి చూస్తే గుల్ల లేదు!"

"ఎవులైనా అట్టుకుపోనారేమో."

"ఎవరూ రాలేదు! ఆ గట్టు మీదే కూర్చుని గారెలు తిన్నాను. కాకి కూడా వాలలేదు. కాళ్లొచ్చి నడిచిపోయినట్టు మాయమైంది!"

కొమరన్న చప్పున గంప దించి, సర్దుకుంటున్నట్టు ముఖం అందులో పెట్టాడు. నవ్వు బయటపడితే కొంప మునుగుతుంది మరి. ఒడిరేవులో ఖాళీ గుల్లను గుంటలో వదిలి, అది అక్కడే ఉంటుందనుకునేవాడు కొండల్లో పుట్టినవాడై ఉండాలి. ఇక్కడ సన్యాసి పీతలుంటాయి. ఒంటి వెనకభాగం మెత్తన, సొంత చిప్ప లేదు. ఖాళీ గుల్ల కనిపిస్తే చాలు, ఉన్న గుల్ల వదిలేసి అందులోకి దూరి, దాన్నే వీపున వేసుకుని చక్కా పోతాయి. అంటే మాంత్రికుడి పచ్చపూస ఇప్పుడొక పీత ఇంట్లో సామాను!

ఆ పూస అతని చేతిలో లేకపోతే యువరాజు మళ్లీ మనిషి కాలేడు. ముందు దాన్ని తనే పట్టాలి.

"సారల గుల్లలా? నీళ్లు తీసినప్పుడు అయ్యన్నీ అల్లదిగో, ఆ మూల నాచుబండల కిందకి కొట్టుకుపోతాయి. నా సిన్నప్పట్నించీ అంతే" అని తడుముకోకుండా అబద్ధమాడాడు.

ధూమ్రకర్ణుడు ముఖం విప్పార్చుకుని పాంకోళ్లు టకటకలాడించుకుంటూ అటు పరుగెత్తాడు. పచ్చ నాచు మీద పాంకోళ్లు! రెండడుగులు వేశాడో లేదో దబ్బున కూలబడ్డాడు. లేచాడు. మళ్లీ కూలబడ్డాడు. ఆ చప్పుళ్లు వింటూ కొమరన్న ముచ్చటగా తల పంకించి తన పని చూసుకున్నాడు.

రేవు నడిమధ్యన ఎద్దుమూపు బండ ఉంది. గొడుగు గుల్లల రాజధాని అది. మాంత్రికుడి పాంకోళ్ల గీతలు ఆ బండ దాకా వచ్చి మళ్లాయి గనక యువరాజు ఉన్నది అక్కడే. కొమరన్న బండ మీద బోర్లా పడుకుని, "యువరాజా! ఏలినవారూ! నేను కొమరణ్ణి" అని గుసగుసలాడాడు. అతని నీడ పడగానే గుల్లలన్నీ మరింత గట్టిగా బండను కరుచుకున్నాయి. దొరల కొలువులో ఉన్నట్టు ఒక్కటీ పలకలేదు.

అప్పుడతనికి తండ్రి చెప్పింది గుర్తొచ్చింది. గొడుగు గుల్లకు బండ మీద సొంత చోటు ఉంటుంది. పోటులో నీళ్లు కప్పినప్పుడు బయల్దేరి చుట్టుపక్కల నాచు గీకి తింటుంది. నీళ్లు తీసేలోపల మళ్లీ తన చోటుకే వచ్చి కూర్చుంటుంది. ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని కూర్చుని, బండ ఎగుడుదిగుళ్లకు తగ్గట్టు చిప్ప అంచు అరిగిపోతుంది. గోరు దూరే సందు కూడా ఉండదు.

మరి ఈవేళ పొద్దున్నే వచ్చినవాడి సంగతి?

కొమరన్న చెంప బండకు ఆనించి ఒక కన్ను మూసి వరసగా చూసుకుంటూ పోయాడు. ఇది అతికింది. ఇదీ అతికింది. పిల్ల, తల్లి, ముత్తవ్వ, అందరూ ఎవరింట్లో వారు కుదురుగా ఉన్నారు. బండ మెడ వంపు దగ్గర ఒకే ఒక గుల్ల కాలు విరిగిన పీటలా ఒక పక్కకు ఒరిగి, అంచు కింద సందులోంచి నీళ్లు కారుతూ, పాపం ఎటు సర్దుకోవాలో తెలియక అటూ ఇటూ కదులుతోంది.

"హమ్మయ్య! దొరికారు!" అని కొమరన్న ఆ గుల్లను ముద్దు పెట్టుకోబోయి ఆగాడు. బెదిరిన గుల్లను పట్టి లాగితే చిప్ప పగులుతుంది గానీ పట్టు వదలదు. దాని పక్కన గుర్తుగా ఎర్ర నాచు పోగు పెట్టి, పూస కోసం దిగాడు. అప్పటికే గుంటల్లోకి పాము నాలుకలా సన్నని నీటి పాయ ఒకటి పాకి వస్తోంది. పోటు తిరిగింది.

సన్యాసి పీత ఎంత దూరం పోతుంది? రెండు గుంటల అవతల, రాతి చూరు కింద, చారల గుల్ల వీపున వేసుకుని దర్జాగా నడిచిపోతోంది. కొమరన్న చెయ్యి పెట్టగానే లోపలికి ముడుచుకుని పెద్ద డెక్కతో తలుపు మూసేసింది. గుల్లను రాతికేసి కొడదామంటే పూస పగలవచ్చు. పూసతో పాటు మాంత్రికుడి ప్రాణమే పోతే, మంత్రం విప్పేవాడు లేక యువరాజు జన్మంతా నాచు గీక్కోవాలి. అలా వీల్లేదు. పీత తనంతట తానే ఇల్లు ఖాళీ చేసి పోవాలి.

అంతకన్నా మంచి ఇల్లు చూపిస్తే ఎందుకు పోదు?

కొమరన్న చెయ్యి నడుముకు పోయింది. తండ్రి శంఖం. ఒక్క క్షణం దాన్ని అరచేతిలో పట్టుకుని చూశాడు. కళ్లు చెమర్చాయి. "నాన్నా, స్నేహితుడి కోసం ఇస్తున్నాను, ఏమనుకోకు" అని దాన్ని పీత ముందు పెట్టాడు.

ఇక చూడాలి ఆ సంబరం. పీత మెల్లగా కళ్లు బయటపెట్టింది. శంఖం చుట్టూ తిరిగింది. మీసాలతో తడిమింది, డెక్కతో లోపలి వెడల్పు కొలిచింది. విడిదిల్లు చూడటానికి వచ్చిన మగపెళ్లివారి పెద్దలు కూడా అంత నిశితంగా చూడరు. ఈలోగా వార్త గుంటంతా పాకిపోయింది. ఎక్కడెక్కడి సన్యాసి పీతలూ వచ్చి, పెద్దదాని వెనక చిన్నది, చిన్నదాని వెనక మరీ చిన్నది వరసగా బారులు తీరాయి. మొదటిది చటుక్కున చారల గుల్ల వదిలి శంఖంలో దూరింది. రెండోది చారల గుల్లలోకి దూకబోయేంతలో కొమరన్న ఆ గుల్లను ఎగరేసుకుపోయి, గంపలో ఉన్న మరో గుల్ల దాని ముందుంచాడు. అది కాస్త అలిగినా దూరింది. దాని ఇంట్లోకి వెనకది, ఆ ఇంట్లోకి ఇంకో వెనకది. కళ్లు మూసి తెరిచేలోగా బారు బారంతా కొత్త ఇళ్లలో ఉంది.

చారల గుల్లను బోర్లించి తట్టగానే పచ్చపూస అరచేతిలో పడింది. కొమరన్న ఆనందం పట్టలేక గుంట మీదికి వంగి తన బోడి మూతిని చూసి నవ్వుకున్నాడు.

అదే పొరపాటైంది. రాతి కంతలోంచి చూషకాలున్న మెత్తని చెయ్యి ఒకటి మెల్లగా పైకి వచ్చింది. వెనకే ఇంకొకటి. ఎనిమిది చేతుల ఆ గడుసు జంతువుకు నెరిసిన కొప్పు చూసి ఏమనిపించిందో గానీ, సవరం కొప్పుతో సహా పీక్కుని కంతలోకి పోయింది. పోతూ పోతూ కొమరన్న ముఖాన గుప్పెడు సిరా కుమ్మరించి మరీ పోయింది.

నాచుబండల మీద పడుతూ లేస్తూ ఉన్న ధూమ్రకర్ణుడు సరిగ్గా ఆ సమయానికే ఇటు తిరిగాడు.

"ముసలిదాని జుట్టేదీ? ఆఁ! ఆ చెవులు... ఓరి కొమరన్నా! నువ్వట్రా!"

కొమరన్న పూసను బుగ్గన పెట్టుకుని కాళ్లకు బుద్ధి చెప్పాడు. ఎద్దుమూపు బండ వైపు పరుగు! కాలికి తాటిమట్ట చెప్పులున్నాయి గనక గరుకు గుల్లల తెలుపు మీదే అడుగు వేస్తూ, పచ్చ కనిపిస్తే దాని మీదుగా దూకుతూ ఉడతలా పోతున్నాడు. వెనక మాంత్రికుడు నిప్పు మంత్రం వేశాడు. అగ్గి ఉండ గాలిలో బుసకొట్టుకుంటూ వచ్చి తడి నాచు మీద పడి చుస్సుమని ఆరిపోయింది. ఇంకొకటి వేశాడు. అది నీళ్లలో పడి కొన్ని రొయ్యలు ఉడికాయి.

"గబ్బిలరాజా!" అని పొలికేక పెట్టాడు ధూమ్రకర్ణుడు. కొండ చీలికలోంచి ఏనుగంత గబ్బిలం రెక్కలు విదిలించుకుంటూ వచ్చి అతన్ని వీపున ఎక్కించుకుంది. ఆకాశాన్ని కమ్మేసి కొమరన్న మీదికి దూసుకొచ్చింది. గోళ్లు అతని భుజానికి జానెడు దూరంలో ఉన్నాయి.

కానీ ఆ గబ్బిలానికి పట్టపగలు ఒడిరేవు మీదుగా ఎగిరిన అలవాటు లేదు. కొండ అంచున, గులకరాళ్ల మధ్య, నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే తెల్లని సముద్రపు పిట్టలు గుడ్లు పొదుగుతున్నాయి. అంత నీడ తమ గుడ్ల మీద పడేసరికి వాటికి పూనకం వచ్చింది. క్రీ క్రీమంటూ మందలు మందలుగా లేచి గబ్బిలం నెత్తిన పొడిచాయి, ముక్కున పొడిచాయి, చెవుల్లో పొడిచాయి. మాంత్రికుడి గడ్డం మీద అవి రాల్చినవి రాల్చాయి. గబ్బిలం కళ్లు బైర్లు కమ్మి గిర్రున తిరిగి, వీపున ఉన్న యజమానిని గాలిలోనే వదిలేసి, సూర్యుణ్ణి తిట్టుకుంటూ కొండ చీలికలోకి పారిపోయింది.

ధూమ్రకర్ణుడు సూటిగా ఊదారంగు ముళ్లబంతుల గుంటలో పడ్డాడు. పడటం కూర్చున్నట్టే పడ్డాడు. అతను పెట్టిన కేకకు రేవులోని కొంగలన్నీ లేచిపోయాయి.

కొమరన్న బండ ఎక్కి పూసను పళ్ల మధ్య పెట్టి కొరుకుతున్నట్టు చూపించాడు.

"వద్దు! వద్దు నాయనా! అది నా ప్రాణం!" అని మాంత్రికుడు నడుము పట్టుకుని వంకరగా నడిచి వచ్చి చేతులు జోడించాడు.

కొమరన్న పూసను నడుమున మిగిలిన శంఖం తాడుకు బిగించి, తాడు కొస తన మణికట్టుకు కట్టుకుని, మాంత్రికుడి వేలి కొన మాత్రం తగిలేటట్టు చాపాడు. "ఈ గుల్ల. ఎర్ర నాచు పక్కది. చదువు మంత్రం. ఒక్క అక్షరం అటూ ఇటూ అయిందా, కొరికి మింగేస్తాను."

ముళ్ల బాధకు మధ్య మధ్య "అమ్మో" అంటూనే ధూమ్రకర్ణుడు మంత్రం పూర్తి చేశాడు. పచ్చని వెలుగు ఒక్కసారి మెరిసింది. బండ మీద జయంతసేనుడు ప్రత్యక్షమయ్యాడు. కానీ ఉన్న తీరు యువరాజు తీరు కాదు. బోర్లా పడుకుని, కాళ్లూ చేతులతో బండను కావలించుకుని, మూతి నిండా పచ్చ నాచు పూసుకుని ఉన్నాడు.

"వదలండి యువరాజా! మీరిప్పుడు మనిషి!"

"ఉండరా కొమరా, వదిలితే పడిపోతానేమోనని భయంగా ఉంది" అన్నాడు యువరాజు. మెల్లగా ఒక్కో వేలూ విప్పుకుని లేచి, మిత్రుణ్ణి గట్టిగా కౌగిలించుకుని, వెంటనే దూరంగా పట్టుకుని చూశాడు. "నీ మీసమేదిరా?"

"ఏలినవారి కోసం త్యాగం చేశాను."

"సింహాసనం ఎక్కగానే మొదటి పనిగా నీ మీసానికి మాన్యం రాసిస్తాను. అన్నట్టు, ఈ నాచు ఉందే, ఉప్పుప్పగా బ్రహ్మాండంగా ఉందిరా. మన వంటశాలలో చెప్పాలి."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. అప్పటికి నీళ్లు బండ మోకాళ్లు దాటాయి. "పదండి, పోటు వచ్చేస్తోంది" అని కొమరన్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

యువరాజు కదల్లేదు. నవ్వు ఆగిపోయింది. "కొమరా, నా పక్కన ఒక పెద్దాయన ఉన్నాడురా. గుల్లే. కానీ మనిషి. పొద్దుటినుంచీ నాకు ధైర్యం చెప్పింది ఆయనే. 'కుదురుకోకు నాయనా, కదులుతూ ఉండు, కుదురుకుంటే మరిచిపోతావు' అని ఒకటే పోరు. తన పేరు అడిగితే గుర్తు లేదన్నాడు. ఊరు గుర్తు లేదు. అవతల రాయి తిరగేసిన చప్పుడైనప్పుడల్లా మాత్రం ఉలిక్కిపడి కసిరేవాడు. కాసేపటికి ఎవరో బోర్లించిన చప్పుడైతే, 'ఆఁ, అదీ' అని శాంతించేవాడు."

కొమరన్న అతని భుజాలు పట్టుకున్నాడు. "ఏమని కసిరేవాడు?"

"'తిప్పిన రాయిని తిప్పినట్టే బోర్లించాలిరా అబ్బీ. దాని కింద ఒక ఊరుంది.' ఆ ఒక్క మాటే మిగిలిందిరా ఆయనకు. అదీ పొద్దుటికీ ఇప్పటికీ కొంచెం కొంచెం తడబడుతోంది."

కొమరన్న మాంత్రికుణ్ణి గడ్డం పట్టుకుని దగ్గరికి లాగాడు. "ఎవరతను? చెప్పు!"

ధూమ్రకర్ణుడు చూపులు తప్పించాడు. "ఎప్పటి మాటో! రాళ్లు బోర్లించమని నా వెంటపడి తిట్టిన కాపరి ఎవడో. ఏ గుల్ల వాడో నాకు మాత్రం ఏం తెలుసు? వాడు బండలో కలిసిపోయాడు. చూసుకో, ఒక్కటైనా ఒరిగి ఉందేమో!"

ఒక్కటీ ఒరిగి లేదు. యువరాజు ఎర్ర నాచు చుట్టూ తడిమి తడిమి, "ఇక్కడే ఎక్కడో ఉండేవాడు, మనిషి కళ్లకు అన్నీ ఒక్కలాగే ఉన్నాయిరా" అని నిస్సహాయంగా చేతులు దించాడు. వేలాది గుల్లలు, ఎవరి చోట వారు, గోరు దూరే సందు లేకుండా. కొమరన్న "నాన్నా!" అని పిలిచాడు. "పైడన్నా!" అని పిలిచాడు. పేరు మరిచిన మనిషి పేరుకు ఎలా పలుకుతాడు? నీళ్లు బండ నడుము దాకా వచ్చాయి. అల ఒకటి బండ మెడను తాకి వెళ్లింది. ఇంకాసేపట్లో గుల్లలన్నీ మునుగుతాయి, తలా ఒక దిక్కుకు మేతకు బయల్దేరతాయి. పెద్దాయన ఆ ఒక్క మాటా మరిచిపోయాడంటే అంతా అయిపోయినట్టే.

కొమరన్న బండ మీది నుంచి నీళ్లలోకి దూకాడు. తడుముకుని, పొద్దున తను బోర్లించిన రాయిని పట్టుకున్నాడు. పసుపు గుడ్ల రాయి. దాన్ని రెండు చేతులా ఎత్తి, అడుగు పైకి వచ్చేటట్టు దబ్బున తిరగేసి, వదిలేశాడు. తండ్రి చేప అతని కాళ్ల చుట్టూ కంగారుగా తిరిగింది. ఒడిరేవు కాపరి కొడుకు తన జన్మలో మొదటిసారి రాయి తిప్పి వదిలేసి, చేతులు కట్టుకుని, బండకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఒరే కొమరా, ఏం చేస్తున్నావురా!" అన్నాడు యువరాజు.

"తిట్లకోసం చూస్తున్నాను" అన్నాడు కొమరన్న.

అల వచ్చింది, పోయింది. వేల గుల్లలు బండను కరిచిపట్టుకుని కదలకుండా ఉన్నాయి. ఎర్ర నాచుకు బెత్తెడు ఎగువన, అంచులు అరిగి అరిగి బండ రంగే తేలిన ఒక ముసలి గుల్ల విసురుగా పైకి లేచింది. లేచి, దిగకుండా, కోపంతో ఊగుతూ అలాగే ఉంది.

"తప్పైపోయింది నాన్నా! ఇదిగో, బోర్లించేస్తున్నాను" అని కొమరన్న ఒకేసారి నవ్వుతూ ఏడుస్తూ, రాయి కోసం నీళ్లలోకి వంగాడు.